పరులకొఱకు మింగు మాత్ర

మలేరియాజ్వరమునకు వైద్యులిచ్చు మందులలో ప్రిమాక్విన్ అను చిన్న మాత్ర యొకటి కలదు. తక్కిన మందులు రోగి దేహములోని జ్వరమును దించుటకై యిచ్చునవి. ఈ మాత్ర యట్టిది కాదు. ప్రాణాంతకమగు ఫాల్సిపరమ్ జాతి మలేరియాలో దీనిని మింగుటవలన రోగికి కలుగు మేలు లేదనియే చెప్పవచ్చును. అతని జ్వరము వేఱొక మందుతో అప్పటికే దిగజొచ్చును. ఈ మాత్రవలన మేలు పొందువాడు అతని పొరుగువాడు. కడుపునొప్పికి మందు తిన్నవానికి కడుపునొప్పి తగ్గును. ఈ మాత్ర తిన్నవానికి తగ్గినదేదియు కనబడదు. తనకొఱకు గాక కేవలము పరులకొఱకు మింగు మందు వైద్యశాస్త్రమున మిక్కిలి అరుదు. అడవిలో పనిచేసి పొట్ట పోసికొను మనుష్యుని ఈ మాత్ర మింగుమని యడుగుటకు మనకు అధికారమెక్కడిది? అతడు మింగినయెడల మన మతనికి ఏమి బాకీపడుదుము? దీనినే యిచట విచారింపదలచితిమి.

ఈ మాత్ర చేయు పని తెలియవలెనన్న జ్వరముయొక్క నడక కొంచెము తెలియవలెను. మలేరియాక్రిమిని మనుష్యరక్తములో మొదట చూచినవాడు లావెరాన్ అను ఫ్రెంచి సైనికవైద్యుడు, 1880లో, ఆల్జీరియాదేశమున. ఆ క్రిమి దోమకడుపులో పెరుగునని కనుగొన్నది మన గడ్డమీదనే. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదు చెంత బేగంపేటలో రోనాల్డు రాస్ అను వైద్యుడు ఒక దోమను కోసి, దాని పొట్టగోడలో క్రిమిజాడను చూచెను. ఆ దోమకు రక్తమిచ్చినవాడు హుసేన్ ఖాన్ అను జ్వరపీడితుడు. దోమ కొక్కింటికి ఒక అణా చొప్పున అతనికి ముట్టినది. రాస్ 1902లో నోబెల్ బహుమానము నందుకొనెను. కోట్లమందికి మేలైన పరిశోధనలో తన రక్తమును పెట్టుబడిగా పెట్టినవాని వంతు కొన్ని అణాలతో తీరిపోయినది. రాస్‌ను మేము తప్పుపట్టుటలేదు; ఆనాటి లెక్కలో అది ఉదారమైన కూలియే కావచ్చును. పరులకొఱకు దేహము నప్పగించినవానికి వెల కట్టవలసినదే యను మాట ఆనాడే యొప్పుకొనబడినదని మాత్రము గుర్తుంచుకొందము.

దోమకు ఈ వ్యాధి పుట్టుకతో రాదు. వ్యాధిగల మనుష్యుని కుట్టి తెచ్చుకొనును. ఫాల్సిపరమ్ క్రిమి మన రక్తములో కొన్నిదినములు పెరిగిన పిదప అందులో కొన్ని మగరూపములుగను కొన్ని ఆడరూపములుగను మారును. అవి రోగిని బాధింపవు. దోమకడుపు చేరిననేగాని వానికి సంతానము లేదు. జ్వరమును దించు ఆర్టిసునేట్ మందు వీనిలో ముదిరినవానిని చంపజాలదు. కావున జ్వరము విడిచి, లేచి, గంజి త్రాగి, గొడ్డలి భుజమున వేసికొని పనికిపోవు మనుష్యుని నెత్తురులో ఇవి కొన్ని వారములవరకు తిరుగాడుచునే యుండును. అతనిని కుట్టిన దోమ ఆ వ్యాధిని మఱొకనికి మోయును. ప్రిమాక్విన్ మాత్రలను ఒక్కనాడు మింగినచో ఈ రూపములు నశించును. వైవాక్సు అను రెండవజాతి జ్వరములో ఇదే మందు రోగికిని పనికివచ్చును. కాలేయములో దాగియుండి నెలలు గడచిన పిదప మరల లేచు క్రిమిని చంపును. కాని యందులకు 14 దినములు వరుసగా మింగవలెను. జ్వరమో, రెండుమూడు దినములలో దిగిపోవును. తక్కిన పదునొకండు దినములును ఆరోగ్యముగా నున్నవాడు మందు మింగవలెనన్నమాట. ఇది పట్టణములో చదువుకొన్నవారికే కష్టముగా నున్నది. జ్వరము దిగగానే మిగిలిన మాత్రలను అలమరలో పడవేయని యిల్లు మన వీధిలో ఎన్ని కలవో చదువరులే లెక్కించుకొనవచ్చును.

ఇక ఈ మాత్ర నెవరిచేతిలో పెట్టుచున్నాము? విశాఖ మన్యమునే తీసికొందము. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా యను పేరు పొందిన పాడేరు, చింతపల్లి, అరకు ప్రాంతములవి. పూర్వము దొరతనపు ఉద్యోగులు మన్యపు జ్వరమన్న వణకుచు, అచటికి బదిలీ యన్న శిక్షగా తలంచెడివారు. వారు వెళ్లి వచ్చెడివారు; అచటివారు అచటనే యుండిరి. ఆ జనులు కొండవాలున పోడు కొట్టి రాగులు, సామలు, కందులు పండింతురు. అడ్డాకు కోయుదురు, మన పెండ్లిపంక్తులలో పఱచు విస్తళ్లు ఆ ఆకులవే. చింతపండు, తేనె, చీపురుపుల్లలు, కుంకుడుకాయలు సంతకు దెత్తురు. అరకు కాఫీకి 2017లో పారిస్ నగరమున అంగడియే తెరచిరి; ఆ గింజలు కోసిన చేతులు ఈ కొండలవే. గోదావరి కావలి భద్రాచలపు అడవులలో వేసవి కొలదివారములు తునికాకు కోత. ఏబదియాకుల కట్ట లెన్ని కట్టిన అంత కూలి. ఆ కొలది వారములలో ఒక దినము పోయిన మరల రాదు.

ఈ పనులలో దోమ యెచట కుట్టును? మన ప్రచారకులు మన్యమునకు పోయి పరిశుభ్రతనుగూర్చి ఉపన్యసించుట మేము చూచియున్నాము. మురుగు తీయుడు, పెంటకుప్పలను దూరముగా వేయుడు అని బోధింతురు. అది మంచిమాటయే, అయితే యీ జ్వరమునకు దానితో సంబంధము తక్కువ. కొండలలో మలేరియాను మోయు ఫ్లూవియాటిలిస్ అను దోమ మురుగునీటిలో పుట్టదు; కొండవాగుల యంచున గడ్డినీడను మెల్లగా పారు తేటనీటిలో గ్రుడ్లు పెట్టును. మనము స్ఫటికమువలె నున్నదని మెచ్చుకొను నీరే దాని పురిటిల్లు. తప్పు చేయనివానికి తప్పుచేసితివని చెప్పుటవలన ఉపదేశకుని మాటపై నమ్మకము పోవును. పిదప అతడు నిజము చెప్పినను వినువారుండరు.

గోడలకు మందు కొట్టుట ఒక యుపాయము. దోమ రక్తము త్రాగి గోడపై వ్రాలి చచ్చును. కాని పంట కోతకు వచ్చునప్పుడు పోడులో అడవిపందులను తోలుటకై రాత్రులు మంచెమీద గడపవలెను. మంచెకు గోడ లేదు. ఇంటిగోడకైనను, పండుగకు మట్టితో అలికినచో మందు అడుగుననే యుండిపోవును. పండుగనాడు ఇల్లలుకుట అజ్ఞానమా? మందు పూసిన దోమతెర రెండవయుపాయము. ఇంటిలో దాని యుపయోగము మిక్కిలి గొప్పది. మేము దానిని తక్కువచేయము. అయినను వెదురు నఱకువాడు రాతిపక్కన నెగడు వేసికొని పండుకొనునప్పుడు దానిని దేనికి కట్టవలెను? ఇంట నొకటే తెర యున్నప్పుడు దానిని తాను అడవికి గొనిపోవలెనా, బాలింతకు, బిడ్డకు విడిచిపోవలెనా? గర్భిణికి ఈ జ్వరము వచ్చినచో బిడ్డ తక్కువ బరువుతో పుట్టును, తల్లిప్రాణమునకును ముప్పు. తెరను ఇంట విడిచి తాను దోమలపాలైన వానిని "తెర యిచ్చినను వాడుకొనడు" అని మనము లెక్కలలో వ్రాసికొందుము. అతడు వాడుకొనెను. ఎవరికొఱకు వాడుకొనెనో మాత్రము మన లెక్క యెఱుగదు.

కుట్టిన తొమ్మిదిదినములు మొదలు పదునాలుగు దినములలో ఫాల్సిపరమ్ జ్వరము బయటపడును. అప్పటికి అతడు అడవి విడిచి యిల్లు చేరియుండవచ్చును. దేనివలన వచ్చినదో తెలియదు. జ్వరము చలితో వచ్చి, మండి, చెమటతో విడుచును. విడిచిన పూట దేహము తేలికపడును. ఆ పూటనే అతడు పనికి పోవును. ఆలస్యమునకు అతని సోమరితనము కారణమని చెప్పువారు ఈ జ్వరముయొక్క కపటము నెఱుగరు. అది రోగికి "నీవు బాగుపడితివి" అని తానే చెప్పును. ఇరువదినాలుగు గంటలలో మందు పడనిచో ఫాల్సిపరమ్ జ్వరము తలకెక్కి ప్రాణము తీయవచ్చును. మూడవనాడు డోలిలో పెట్టి మోసికొనివచ్చిన రోగిని చూచి, ఇంతవరకు నేమి చేయుచుంటిరని గద్దించుట మన యలవాటు. నడచుచుంటిమని వారు చెప్పవచ్చును, చెప్పరు.

ఆసుపత్రికి ముందు దిసారివద్దకు పోవుదురనునది మఱియొక యాక్షేపణ. మూఢవిశ్వాసములను ఖండించుటలో మేము వెనుదీయువారము కాము. మంత్రముతో మలేరియాక్రిమి చావదు. కోడిని కోసినందున రక్తములోని వ్యాధి పోదు. అయినను ఒక్కమాట చెప్పక తప్పదు. దిసారి అర్ధరాత్రమునను వచ్చును. మంచము పక్కను కూర్చుండును. రోగిని పేరుపెట్టి పిలుచును, అతని తాతను ఎఱుగును, అతని భాషలో మాటలాడును. వైద్యుడు ఏడుకోసుల దూరమున, వరుసలో నిలువబెట్టి, అర్థముకాని భాషలో కసరును. మనము దిసారిని ఓడింపదలచినచో అతని మంత్రమును ఎగతాళి చేయుటకంటె అతనివలె మంచము పక్కను కూర్చుండుట మేలు. నేడు పల్లెలలో ఆశాకార్యకర్తలు వ్రేలికొననుండి ఒక నెత్తురుచుక్క తీసి, ఇరువది నిముషములలో వ్యాధి నిర్ణయించి, అక్కడికక్కడనే మందు మొదలుపెట్టుచున్నారు. ఆ పల్లెలో పుట్టిన స్త్రీయే ఆ పని చేయుచున్నచోట దిసారి యామెతో వైరము పెట్టుకొనడు. మంత్రమొకవైపు, మాత్రయొకవైపు సాగును. మాకు ఇందులో అభ్యంతరము లేదు.

తన దేహమును కాపాడుకొనుట ప్రతిమనుష్యునికిని మొదటిధర్మము కాదా, అది చేయనివాని నిందింపరాదా, అని కొంద రడుగుదురు. ధర్మమే. ధర్మమునకు శక్తి తోడుకావలెను. శక్తి రెండు విధములు: తెలియుట యొకటి, తెలిసినదానిని చేయగలుగుట రెండవది. మొదటిది లేనివానికి బోధ కావలెను. రెండవది లేనివానికి బోధించుట, కాలు విరిగినవానికి నడకలోని సుఖములను వర్ణించుటవంటిది. మన్యములో జ్వరపీడితులు అనేకులు ఈ రెండవతరగతివారు. అడవిలో జ్వరము కలదని వారెఱుగుదురు. మనకంటె బాగుగా నెఱుగుదురు. ఆ యెఱుకతోనే పోవుదురు. పోనిచో పొయ్యిలో పిల్లి లేవదు. సైనికుడు ప్రాణమునకు తెగించి పోయిన శౌర్యమందుము. తునికాకు కోయువాడు జ్వరమునకు తెగించి పోయిన నిర్లక్ష్యమందుము. సైనికునికైనను వెంట వైద్యుని పంపుదుము.

చట్టముయొక్క భయము నొకటి చేర్చవలెను. 1882లో మదరాసు అటవీచట్టము వచ్చినది మొదలు పోడు నేరముగా చూడబడినది. 2006లో అటవీహక్కుల చట్టము వచ్చినను ఆ భయము మనస్సులనుండి పూర్తిగా పోలేదు. రాత్రి యెక్కడ పండుకొంటివని వైద్యు డడిగినపుడు, అడవిలో పండుకొంటినని చెప్పుట నేరమొప్పుకొనుటవలె తోచువాడు ఇంటనే యుంటిననును. వైద్యుడు ఇంటిగోడలకు మరల మందు కొట్టించును.

ఈ సంకటము మనకే గాదు. కంబోడియాదేశపు పడమటి యడవులలో దొంగచాటుగా కలప కొట్టువారు వైద్యునికంటె పోలీసుకు ఎక్కువ వెఱతురు గనుక వారిలో జ్వరము దాగియుండును. ఆ ప్రాంతముననే మొదట క్లోరోక్విన్ మందుకు, 2000 తరువాత ఆర్టిమిసినిన్ మందుకు లొంగని క్రిమి పుట్టినది. అది లోకమంతటికి వ్యాపించునేమో యని ధనికదేశములు కలవరపడి ఆ కూలీలకొఱకు ధనము పంపినవి. ధనము వచ్చుట మంచిదే. అయితే ఆ చూపులో నొక వంకర కలదు. అడవిమనుష్యుడు జబ్బుపడినాడని కాదు, అతని జబ్బు మనదాక వచ్చునని ఆ కలవరము. మనుష్యుని కేవలసాధనముగా వాడరాదనియు, అతడు తనంత తానే గమ్యమనియు జర్మనీదేశపు తత్త్వవేత్త కాంటు చెప్పియున్నాడు. పరులకొఱకు మాత్ర మింగుమనుటలో ఈ సూత్రము సూదిమొనవలె గ్రుచ్చుకొనుచున్నది. రోగిని వ్యాధిని నిలువచేయు కుండగా చూచి, కుండను కడిగితిమని తృప్తిపడుదుమా?

పైగా ఆ మాత్ర నిరపాయమైనది కాదు. కొందరి యెఱ్ఱకణములలో జీ-సిక్స్-పీడీ అను పదార్థము పుట్టుకతోనే కొఱతగా నుండును. అట్టివారికి ప్రిమాక్విన్‌వలన కణములు పగిలి, మూత్రము నల్లబడి, రక్తము క్షీణించును. మలేరియా తరతరములుగా నున్న ప్రాంతముల జనులలో ఈ కొఱత ఎక్కువగా కనబడును. మన గిరిజనులలోను కలదు. ఒక్కనాటి మోతాదులో ప్రమాదము తక్కువ, 14 దినముల మోతాదులో ఎక్కువ. కావున మన మడుగుచున్నది వట్టి శ్రమ కాదు, కొంచెము సాహసమును కూడ. తనకు లాభము లేనిదానికై, పరుల సుఖమునకై, ఏమియు లేనివాడు తన నెత్తురును పణముగా పెట్టవలెను. ధర్మశాస్త్రములు పరోపకారమును పొగడినవి గాని, ఉన్నవాడు లేనివానినుండి దానిని వసూలుచేయవచ్చునని చెప్పలేదు.

అట్లని అడుగకుండుట న్యాయమా? అదియును గాదు. ఆ మాత్రవలన మొదట మేలు పొందునది ఆ పల్లెలోని బిడ్డయే. అడుగుట మానినచో ఆ బిడ్డకు ద్రోహము. అడుగువాడు తన వంతు చెల్లించి యడుగవలెనని మా యభిప్రాయము. మైదానవాసులు ఆ వంతును చాలకాలముగా ఎగవేసిరి. 1947లో దేశమున ఏటేట ఏడుకోట్ల యేబదిలక్షలమందికి జ్వరము వచ్చుచుండెననియు, ఎనిమిదిలక్షలమంది చనిపోవుచుండిరనియు అంచనా. 1953లోను 1958లోను ఆరంభించిన పనులవలన 1965 నాటికి జ్వరపీడితుల లెక్క లక్షకు దిగినది. పట్టణములలో జ్వరము పోగానే పట్టణములు దానిని మఱచినవి; పని సడలినది; 1976లో లెక్క అరువదినాలుగు లక్షలకు లేచినది. నేడును దేశజనములో నూటికి తొమ్మండ్రుకైన తక్కువగా నున్న గిరిజనులే జ్వరములలో పలురెట్లు ఎక్కువ వంతు మోయుచున్నారు.

వంతు చెల్లించినచో ఏమగునో ఒడిశాలో కనబడినది. మన మన్యమునకు సరిహద్దుననున్న కోరాపుట్టు, మల్కనగిరి మొదలగు కొండసీమలలో దుర్గమగ్రామములకు వైద్యసిబ్బందియే నడచిపోయి, జ్వరమున్నవారిని లేనివారిని అందఱిని పరీక్షించి, వ్యాధి దాగియున్నవారికి అక్కడనే మందిచ్చి, తెరలు పంచిరి. మాటిమాటికి జ్వరమువచ్చి కొంత తట్టుకొను శక్తి కలిగినవారి రక్తములో జ్వరము లేకయే క్రిమి యుండును. అట్టివారిని ఆసుపత్రిలో కూర్చుండినవాడు ఎన్నటికిని చూడడు. 2016లో ఆ రాష్ట్రమున నాలుగులక్షల నలువదివేలు దాటిన జ్వరములు 2019 నాటికి నలువదివేలలోపునకు వచ్చినవి. తరువాత కొన్నియేండ్లకు మరల పెరిగినవి. ఒక్కసారి నడచిపోయినచో చాలదు. అయినను ఆ మూడేండ్లలో జ్వరము లేనివాడు సైతము వ్రేలు చాచెను, మాత్ర మింగెను. ఎవడు మింగడని మనము చెప్పుచుంటిమో వాడే.

మన వంతు ఏమి? తునికాకు కల్లమువద్ద ఆకుకట్టలను లెక్కించు గుత్తేదారుడు ఉన్నచోటనే పరీక్షచేయువారును ఉండవచ్చును. వెదురు కొట్టించువాడు గొడ్డలి, బియ్యము ఇచ్చినట్లే తెరయు, దానిని కట్టుటకు నాలుగు గుంజలును ఇయ్యవచ్చును. కూలిలో దాని ఖర్చు కోయరాదు. బీడీ కాల్చువాడు, విస్తరిలో భోజనము చేయువాడు, కాఫీ త్రాగువాడు ఆ ఖర్చు మోయవలసినవారు. మనలో ఎవడు ఈ మూడింటిలో నొకటి కాడు? పరీక్షకై పోయిన పూటకు కూలి యిచ్చుటయు ఇందులోనిదే. బేగంపేటలో దోమకొక అణా యిచ్చినపుడు ఎవరికిని వింతగా తోచలేదు.

నిజము చెప్పుట అన్నిటికంటె చౌక, అన్నిటికంటె అరుదు. కువి మాటలాడువానికి కువిలో, కోయవానికి కోయభాషలో, తెలిసినవారిచేత చెప్పింపవలెను: "అన్నా, జ్వరమునకు మందు నిన్న యిచ్చితిమి. ఈ మాత్ర నీకు కాదు. నిన్ను కుట్టిన దోమ నీ తమ్ముని బిడ్డను కుట్టకుండుటకు. మూత్రము నల్లగా వచ్చినయెడల ఆపి, వెంటనే నా కడకు రా." నిజము చెప్పినచో మింగడని కొందఱు ఉద్యోగులు భయపడుదురు. మాకు ఆ భయము లేదు. ఇటుకలపండుగ వేటలో దొరికిన మాంసమును వేటకు రాని యింటికిని వంతువేసి పంచు జనులకు పొరుగువానికొఱకు ఒక మాత్ర యనునది అర్థముకానిమాట కాదు. వారికి అనుమానమున్నది మాత్రపై గాదు, ఇచ్చుచేతిపై. ఆ చేయి వానకాలమున వాగు దాటి వచ్చునా, మూత్రము నల్లబడిన రాత్రి తలుపు తీయునా, డోలి మోయు నలుగురికి ఆనాటి కూలి యెవరిచ్చెదరు, అని వారడుగుదురు. ఆ ప్రశ్నలకు జవాబు సిద్ధము చేసికొని వాగు దాటుట మంచిది.